వెనక గాలి

గడ్డిబాబు చొక్కా విప్పితే అతను చేసే పనేమిటో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. కుడిచెవి తమ్మె లేదు. పళ్ళు మొలుస్తున్న గుర్రప్పిల్ల ఒకటి ముద్దు చేయబోయి కొరుక్కుపోయింది. వీపు మీద డెక్క అచ్చు నెలవంకలా ఉంటుంది, నాడా మేకుల చుక్కలతో సహా. ఎడమ భుజం మీద పైనా కిందా రెండు వరసల పళ్ళగాట్లున్నాయి. పాప ఆ గుంటల్లో వేళ్ళు పెట్టి ఆడుకుంటుంది. వాళ్ళమ్మ చూస్తే మాత్రం చొక్కా కిందికి లాగేస్తుంది.

అమ్ముడుపోయిన గుర్రాలనీ, పందేలకి వెళ్ళే గుర్రాలనీ విమానంలో దగ్గరుండి దిగబెట్టి రావడం అతని ఉద్యోగం. "గుర్రాలు విమానం ఎక్కుతాయా?" అని అడగని మనిషి అతనికింతవరకూ తగల్లేదు. "లేదండీ, సముద్రంలో ఈదించుకుంటూ తీసుకెళ్తాం" అంటాడు, ముఖం ఏమాత్రం మార్చకుండా. జుట్టులో, జేబుల్లో, సాక్సుల్లో ఎప్పుడూ గడ్డిపరకలుంటాయి కాబట్టి పైలట్లు అతనికా పేరు పెట్టారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం పడే రోజున తప్ప ఎవరికీ గుర్తుకు రాదు.

ఈ పనిలోకి అతను కావాలని రాలేదు. విమానాశ్రయం సరుకుల షెడ్డులో ఫోర్క్‌లిఫ్ట్ తోలుకునేవాడు. ఒకరోజు దింపుతుండగా ఒక గుర్రం పగ్గం తెంచుకుని, షెడ్డులోంచి నేరుగా అతని మీదికొచ్చింది. అందరూ పరిగెత్తారు. అతనొక్కడే కదల్లేదు. భయంతో కాళ్ళు బిగుసుకుపోయాయంతే. గుర్రం అతని ముందుకొచ్చి ఆగి ఆయాసపడింది. గుర్రాలతో వచ్చిన పెద్దాయన అది చూసి "గుండె ఉన్నవాడివిరా" అని మెచ్చుకుని తన దగ్గర పెట్టుకున్నాడు. రెండేళ్ళు తిరక్కుండా తన కూతుర్నీ ఇచ్చాడు. అసలు సంగతి పెళ్ళయ్యాక తెలిసింది ఆయనకి. "ఆ రోజు నీ కాళ్ళు పనిచేసుంటే నా కూతురు బతికిపోయేది కదయ్యా" అని ఇప్పటికీ దెప్పుతుంటాడు.

మామాఅల్లుళ్ళ మధ్య తెగని పేచీ ఒకటుంది. వాళ్ళు ఎక్కువగా తిరిగేది రెండే రెండు విమానాశ్రయాల మధ్య. ఒకటి ఇంటి దగ్గరది, రెండోది మహాసముద్రానికి ఆ ఒడ్డున ఉంది. ఎటునుంచి కొలిచినా దూరం ఒకటే, పదివేల కిలోమీటర్ల పైమాట. కానీ వెళ్ళడానికి పద్నాలుగు గంటలు పడుతుంది, రావడానికి పదకొండున్నర. అంత ఎత్తున గాలి ఏరులాగా ఒకే దిక్కుకి పారుతుందనీ, వెళ్ళేటప్పుడు దానికి ఎదురీదాలనీ, వచ్చేటప్పుడు అదే వెనకనుంచి తోస్తుందనీ అల్లుడు ఎన్నిసార్లు చెప్పినా మామయ్య నమ్మడు.

"దూరం ఒకటే అయితే టైము ఎలా మారుతుందయ్యా? ఇంటికొచ్చేటప్పుడు గుర్రం కూడా నాలుగడుగులు ఎక్కువే వేస్తుంది. పైలట్లకి మాత్రం పెళ్ళాం పిల్లలు లేరా?"

"విమానానికేం తెలుసు మామయ్యా, ఇల్లెక్కడుందో?"

"తోలేవాడికి తెలుసుగా!"

పాప పుట్టిన రోజున, ఇంకా ఆసుపత్రి మంచం మీదనే ఉండి, అతని భార్య ఇద్దరినీ పిలిచి ఒక షరతు పెట్టింది. "మీరిద్దరూ ఒకే విమానం ఎక్కొద్దు. పోతే ఒక్కళ్ళే పోండి. ఇద్దరూ కలిసి పోయారంటే నేనూరుకోను." మంచిరోజున అవేం మాటలని నర్సు కోప్పడింది. కానీ ఆమె నవ్వులకి అనలేదు. చిన్నప్పటినుంచీ తండ్రి కుట్లతోనూ కట్లతోనూ ఇంటికి రావడం చూసిన పిల్ల. తండ్రి చేత తన చేతిలో చెయ్యి వేయించుకుంది. మొగుడి చేత పాప తల మీద ఒట్టు వేయించుకుంది.

అయిదు నెలలు ఆ మాట నిలబెట్టారు.

ఆరో నెలలో గడ్డిబాబు ఆ ఒడ్డునుంచి మూడు గుర్రాలతో ఇంటికి బయల్దేరాలి. తోడు రావలసినవాడు పొద్దున్నే మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మగగుర్రం ఉన్నప్పుడు ఒక్క మనిషి చాలడు. ముందురోజే వేరే గుర్రాలని దింపి, తిరుగు విమానం కోసం ఎదురుచూస్తూ అక్కడే ఉన్నాడు మామయ్య.

"నేనొస్తాలే" అన్నాడు.

"ఒట్టేశాం మామయ్యా."

"దానికి చెప్పమని ఎవరన్నారు? దిగాక నువ్వు ముందెళ్ళిపో. నేను షెడ్డులో ఓ కునుకు తీసి నాలుగు గంటలాగి వస్తా. వేరే విమానంలో వచ్చానంటా."

అల్లుడు తల గోక్కున్నాడు. ఈ సరుకు ఆగిపోతే మళ్ళీ వారం దాకా గుర్రాలెక్కే విమానం లేదు. పాపకి మొదటిపన్ను వస్తోందని భార్య ఫోన్లో చెప్పింది. "సరే" అన్నాడు.

గుర్రాలు ఇనుపపెట్టెల్లో నిలబడే ప్రయాణం చేస్తాయి. వాటిని ఎక్కించడానికి వీళ్ళకో పద్ధతుంది. మగగుర్రాన్ని ముందుపెట్టెలో, ఆడగుర్రాలని దాని వెనకపెట్టెలో ఉంచుతారు. విమానంలో గాలి ముందునుంచి వెనక్కి పోతుంది కాబట్టి ఆడగుర్రాల వాసన మగదాని ముక్కుకి అందదు. పాతికేళ్ళుగా మామయ్య అలాగే ఎక్కిస్తున్నాడు, అల్లుడికీ అదే నేర్పాడు. ఆ రోజు కూడా నల్లటి మగగుర్రాన్ని ముందు పెట్టి, రెండు ఎర్ర గుర్రాలని వెనక పెట్టారు. అయితే ఆ రోజు వచ్చింది ఎప్పుడూ వచ్చే విమానం కాదు. రిపేరుకెళ్ళినదానికి బదులుగా అద్దెకి తెచ్చిన పాత రకం. దాంట్లో గాలి బయటికి పోయే మూత ముక్కు దగ్గరుంది. అంటే గాలి వెనకనుంచి ముందుకి నడుస్తుంది. పైలట్లకి అది చెప్పాల్సినంత సంగతనిపించలేదు. గుర్రాల వాళ్ళకి అడగాలని తోచలేదు.

మొదటి రెండు గంటలూ నల్లగుర్రం మామూలుగానే మేసింది. తర్వాత మేత మానేసింది. పైపెదవి పైకి మడిచి, మెడ చాచి, గాలిని తాగుతున్నట్టు పీల్చసాగింది. మామయ్య మత్తుమందు ఒక మోతాదు ఇచ్చాడు. తగ్గింది. మూడు గంటలకి మళ్ళీ మొదలయింది. రెండో మోతాదు ఇచ్చాడు. ఈసారి అంతగా తగ్గలేదు. ఎనిమిదో గంట దాటాక అది వెనక్కాళ్ళతో పెట్టె తలుపుని తన్నడం మొదలుపెట్టింది. తన్నినప్పుడల్లా కాళ్ళ కింది లోహమంతా గంటలా మోగేది.

"దీనికేం పుట్టింది? నా జన్మలో ఇలాంటిదాన్ని చూళ్ళేదు" అన్నాడు మామయ్య. మెడ మీది చెమట తువ్వాలుతో తుడుస్తున్నాడు, అది గుర్రందో తనదో తెలియకుండా.

గడ్డిబాబు కొత్త గడ్డివల కట్టడానికి దాన్ని దులిపాడు. సన్నటి నలుసులు లేచి దీపం వెలుతురులోకి వచ్చాయి. అవి కిందికి రాలలేదు. నెమ్మదిగా అతని ముఖం పక్కనుంచి, గుర్రం ముక్కు దాటి, విమానం ముక్కు వైపు సాగిపోయాయి. అతను గుప్పెడు పొట్టు తీసి మళ్ళీ ఎగరేశాడు. అదీ అటే పోయింది.

"మామయ్యా, గాలి వెనకనుంచి వస్తోంది."

"విమానంలో గాలేంటయ్యా..." అని మొదలుపెట్టి, ఆయన సగంలో ఆగిపోయాడు. పొట్టు వైపు చూశాడు. తర్వాత వెనకపెట్టె వైపు చూశాడు. ఎర్ర గుర్రాల్లో చిన్నది తోక పక్కకెత్తి నిలబడి ఉంది. ఎదకొచ్చింది. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేకుండా పోయింది.

"పదిగంటలుగా దాని ముక్కులోకి..." అన్నాడు.

అప్పుడే విమానం ఒక్కసారి గుంటలో పడ్డట్టు దిగి లేచింది. నల్లగుర్రం దాంతోపాటే లేచింది.

మామయ్య పెట్టె లోపల, గుర్రం తలకి ముందుండే మనిషి పట్టేంత చోటులో ఉన్నాడు. మధ్యలో గుర్రం ఛాతీకి అడ్డంగా ఒక ఇనుపకడ్డీ మాత్రమే ఉంది. గుర్రం ముందరి కాళ్ళు రెండూ ఆ కడ్డీ మీదుగా ఇవతలికొచ్చి పడ్డాయి. అయిదువందల కిలోల బరువుకి కడ్డీ వంగిపోయి, ఆయన కుడికాలిని గోడకేసి నొక్కేసింది. ఎముక విరిగిన చప్పుడు ఇంజిన్ల హోరులో కూడా వినబడింది. గుర్రం కడ్డీ మీద వేలాడుతూ, నేల అందక, రెండు డెక్కలతోనూ ఆయన్ని పిండి దంచినట్టు దంచుతోంది. ఒక దెబ్బకి నుదురు చీలింది. ఇంకో దెబ్బకి అడ్డం పెట్టిన చెయ్యి వేలాడిపోయింది.

"ఒరేయ్!" అని అరిచాడు మామయ్య. అల్లుణ్ణి ఎప్పుడూ 'రా' అని పిలవని మనిషి. "ఒరేయ్, లాగరా!"

గడ్డిబాబు చంకల్లో చేతులు వేసి లాగాడు. కాలు రాలేదు. ముఖం మీద డెక్క పడి అతని పన్నొకటి ఊడి గొంతులోకి పోయింది.

చప్పుడు విని కో-పైలట్ అమ్మాయి పరిగెత్తుకొచ్చి, చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మరుక్షణమే గోడఫోను తీసి కెప్టెన్‌తో మాట్లాడింది. "కెప్టెన్ గారు సూది వేసెయ్యమంటున్నారు గడ్డిబాబు గారూ! ఆర్డరన్నారు. ఆ పెట్టె విరిగితే అది కాక్‌పిట్ మీదికే వస్తుంది."

ఆ సూది ఎర్రడబ్బాలో ఉంటుంది. తాళంచెవి అతని మెళ్ళోనే ఉంది. మెడ నరంలోకి అది ఎక్కిందంటే ఎంత గుర్రమైనా క్షణాల్లో కూలిపోతుంది. తొమ్మిదేళ్ళలో అతనెప్పుడూ దాన్ని వాడలేదు. తీసి పిడికిట్లో పట్టుకున్నాక అతనికి అసలు చిక్కు అర్థమయింది. గుర్రం ఇప్పుడు చస్తే పడేది మామయ్య మీదే. చావకపోతే ఆయన్ని చంపేదాకా ఆగదు.

భార్య షరతు చెవుల్లో మోగింది. పోతే ఒక్కళ్ళే.

"మేడమ్, మీరిక్కడుండండి. అది వెనక్కి జరగ్గానే ఆయన్ని ఇవతలికి లాగెయ్యండి. కాలు సంగతి చూడకండి, లాగెయ్యండి."

"వెనక్కెందుకు జరుగుతుంది?"

"దానికి కావలసింది వెనకే ఉంది."

సూదిని జేబులో వేసుకుని, పెట్టెకీ విమానం గోడకీ మధ్య సందులోంచి పక్కవాటుగా పాకుతూ వెనక్కి వెళ్ళాడు. రెండు పెట్టెల మధ్య బారెడు చోటుంది. అక్కడ నిలబడి నల్లగుర్రం వెనకతలుపు గడియ లాగాడు. తన్నులకి అది వంకరపోయి రాలేదు. ఎర్రడబ్బాలోంచి తెచ్చుకున్న సుత్తితో కొట్టాడు. నాలుగో దెబ్బకి ఊడింది.

తలుపు తెరుచుకోగానే ఆ వాసన సూటిగా లోపలికి పోయింది. గుర్రం ఒక్క అరుపు అరిచి, కడ్డీని వదిలి, ఉన్న బలమంతా వెనక్కాళ్ళలోకి తెచ్చుకుని వెనక్కి దూకింది. దాని పిరుదులు అతన్ని తీసుకెళ్ళి వెనకపెట్టెకి అతికించేశాయి. పక్కటెముకలు ఎండుపుల్లల్లా విరగడం అతనికి తెలిసింది. ఊపిరి లోపలికీ రాలేదు, బయటికీ పోలేదు. వెనక ఎర్ర గుర్రాలు గోడని తంతున్నాయి, ముందు ఇది తొక్కుతోంది. కిందికి జారిపోయి, దాని కాళ్ళ మధ్యనుంచి ఎలా దేకాడో, సందులోకి ఎలా పడ్డాడో అతనికి తర్వాతెప్పుడూ గుర్తు రాలేదు.

ముందుకొచ్చేసరికి కో-పైలట్ మామయ్యని లాగేసి, ఆయన పక్కనే నేలమీద కూలబడి ఉంది. ఆమె తెల్లచొక్కా ఎర్రగా అయిపోయింది. సగం బయట, సగం లోపల ఇరుక్కున్న గుర్రం మళ్ళీ ముందుకి చూస్తోంది. వంగిన కడ్డీ ఊడి పడింది, ఇప్పుడు దానికీ వీళ్ళకీ మధ్య ఏ అడ్డూ లేదు.

గడ్డిబాబు దాని ముందుకి వెళ్ళి నిలబడ్డాడు.

చెవులు వెనక్కి పడుకోబెట్టి అది మెడ చాచింది. ఎడమ భుజాన్ని అందుకుని పళ్ళు దిగ్గొట్టింది. ఎముక మీద ఎముక రాసుకుంటున్న చప్పుడు అతని తలలోపలే వినిపించింది. విదిలిస్తే అతని కాళ్ళు నేలమీదినుంచి లేచాయి. అయితే కరిచినంతసేపూ దాని మెడ అతని చెంపకి ఆనే ఉంది, నరం చిటికెన వేలంత లావున ఉబ్బి కళ్ళెదుట కొట్టుకుంటోంది. కుడిచేత్తో జేబులోంచి సూది తీసి, మూత పళ్ళతో ఊడబీకి, ఆ నరంలోకి దించి, చివరిదాకా నొక్కాడు.

"అయిపోయిందిరా నాన్నా, అయిపోయింది" అన్నాడు. గుర్రాలతో అతనెప్పుడూ మాట్లాడే గొంతే అది.

దాని మోకాళ్ళు ముడుచుకుపోయాయి. అతన్ని పట్టుకునే కూలింది. కళ్ళు తెరిచే చచ్చిపోయింది. దవడలు మాత్రం వదల్లేదు. కో-పైలట్ డెక్కలు గీరే ఇనుపకొక్కెం పళ్ళ మధ్య దూర్చి, ఏడుస్తూ, తిడుతూ, ఎత్తి విడదీసింది.

మామయ్య కాలి ఎముక మోకాలి కింద తెల్లగా బయటికొచ్చి ఉంది. నెత్తురు గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటూ చిమ్ముతోంది. గడ్డిబాబు గుర్రం పగ్గం తొడకి చుట్టి, ఆ ఇనుపకొక్కెమే అందులో దూర్చి మెలితిప్పాడు. ఆయన పెట్టిన కేకకి వెనకున్న ఎర్ర గుర్రాలు కూడా ఊరుకున్నాయి. నెత్తురు చిమ్మడం ఆగి, కారడం మొదలయింది.

గోడఫోన్లో కెప్టెన్ గొంతు వినిపించింది. వెనక పదకొండువందల కిలోమీటర్ల దూరంలో ఒక దీవి మీద రన్‌వే ఉంది. ముందు ఇంటి విమానాశ్రయం పద్నాలుగువందల దూరంలో ఉంది. "ముందుకే వెళ్తున్నాం" అన్నాడాయన.

మామయ్య విన్నాడు. మంచి చేత్తో అల్లుడి కాలరు పట్టుకున్నాడు. "దగ్గరున్నది వెనకేగా! వెనక్కి తిప్పమని చెప్పరా! చంపేస్తార్రా నన్ను!"

"వెనక్కి తిరిగితే గాలికి ఎదురెళ్ళాలి మామయ్యా. గంటన్నర దాటుతుంది. ముందుకైతే గాలే తోస్తుంది, గంటా ఇరవై నిమిషాలు."

"నీ గాలి తగలెయ్య! మూడొందల కిలోమీటర్లు తేడారా!" ఆయన అతని చెంప మీద కొట్టాడు. పన్ను ఊడిన వైపే తగిలింది. "నా కూతురికేం చెప్తావు? లెక్క కుదిరింది, మీ నాన్న పోయాడని చెప్తావా?"

గడ్డిబాబు కొక్కెం ఇంకాస్త తిప్పాడు. ఆయన స్పృహ తప్పాడు.

అరగంట పోయాక కో-పైలట్ మళ్ళీ వచ్చింది. అతని కళ్ళలోకి చూడకుండా చెప్పింది. "గాలి కొంచెం తగ్గింది. ఇంకో పదినిమిషాలు ఎక్కువ పడుతుంది."

అప్పుడతనికి భయం వేసింది. గుర్రం ముందు నిలబడ్డప్పుడు లేని భయం. ఆ పదినిమిషాలతో రెండు వైపులా ఇంచుమించు ఒకటే అయిపోయాయి. తిరగాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు గాలి ఇంకా పడిపోతే చేయగలిగిందేమీ లేదు. పగ్గం పట్టుకున్న వేళ్ళు తిమ్మిరెక్కి తనవి కానట్టున్నాయి. వదిలితే ఆయన పోతాడు. మామయ్య నోటి దగ్గర చెంప పెట్టి, ఊపిరి తగులుతుందా లేదా అని చూస్తూ కూర్చున్నాడు. తగలనట్టనిపించినప్పుడల్లా ఆయన్ని పేరుపెట్టి తిట్టాడు. మామయ్య కళ్ళు తెరవకుండానే ఒకసారి "మర్యాద" అన్నాడు.

విమానం దిగాక కూడా అతని వేళ్ళు పగ్గాన్ని వదల్లేదు. అంబులెన్సు వాళ్ళు ఒక్కొక్క వేలే విప్పదీశారు.

ఆసుపత్రి వరండాలో అతని భార్య పాపని చంకనెత్తుకుని నడిచొచ్చింది. అతని కట్లు చూసింది, వేలాడుతున్న చెయ్యి చూసింది. దగ్గరికొచ్చి చాచిపెట్టి లెంపకాయ కొట్టింది. మళ్ళీ కొట్టింది. వరండాలో అందరూ తిరిగి చూశారు.

"ఇద్దరూ! ఒకే విమానం! నా బిడ్డ తల మీద ఒట్టు!"

"ఉన్నాడు" అన్నాడతను. "కాలు తీసేశారు. మనిషి ఉన్నాడు."

ఆమె మూడోసారి ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

లోపల మామయ్యకి అప్పుడే మత్తు వదులుతోంది. కూతుర్ని చూశాడు. ఒట్టు తప్పినవాడి ముఖం పెట్టాడు. "నేనే వస్తానన్నానమ్మా. వీడు వద్దన్నాడు."

"ఎంతసేపు వద్దన్నాడు?"

"...ఒక నిమిషం."

"ఇంకోటి వేస్తానుండు నీకు" అందామె మొగుడితో.

ముసలాయన నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే అరుపయింది. లేని పాదం నలిగిపోతోందని, దాని మీదినుంచి గుర్రాన్ని తియ్యమని కేకలు పెడుతూ మంచం కడ్డీని పిడికిలితో బాదసాగాడు. సెలైను గొట్టం ఊడి నెత్తురు దుప్పటి మీద చిమ్మింది. ఆమె పాపని మొగుడి ఒళ్ళో పడేసి, తండ్రి ఛాతీ మీద అడ్డంపడి, రెండు చేతులూ గట్టిగా నొక్కి పట్టుకుంది. "తీసేశారు నాన్నా, తీసేశారు, చచ్చిపోయింది, లేదిక్కడ" అని అరుస్తోంది. నర్సులు పరిగెత్తుకొచ్చారు.

పాప బెదిరి ముఖం చిట్లించింది. గడ్డిబాబుకి ఒక చెయ్యే పనిచేస్తోంది. ఆ చేత్తో పాప చెవి ఒకటి మూశాడు. రెండోది విరిగిన పక్కటెముకలకి ఆనించి, నొప్పికి కళ్ళు మూసుకుని, అలాగే అదిమి పట్టుకున్నాడు.